ఒడ్డు జరిగే చోట ఇల్లు: కొనొచ్చా, అమ్మొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకని మిగతావి వచ్చే సంచికకు ఉంచి పేజీ అంతా వీటికే ఇచ్చేశాను. సముద్రపు కోత ఉన్న చోట ఇళ్ల గురించి రాశారు. కొందామనుకునేవాళ్లు, అమ్ముదామనుకునేవాళ్లు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ప్రశ్న: నాకు ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. ఉప్పాడ దాటాక కోనపాపపేట వైపు నాలుగు సెంట్లలో డాబా ఇల్లు అమ్మకానికి వచ్చింది. కాకినాడలో ఆ డబ్బుకి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కూడా రాదు. ఈసీ క్లీన్‌గా ఉంది, లాయరు గారు కూడా ఓకే అన్నారు. మా ఆవిడ మాత్రం వద్దే వద్దంటోంది. ఆ తీరంలో రాళ్లు పోశారు కదా సార్, ఇంకా భయమెందుకు?
— ఒక ప్రభుత్వోద్యోగి, సామర్లకోట

జవాబు: మీ ఆవిడ మాటే కరెక్టండీ. అడ్వాన్సు ఇచ్చినట్టు మీరు రాయలేదు, ఇవ్వకపోతే ఆపేయండి.

ముందు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ సంగతి. ఆ స్థలం మీద ఎవరెవరు రిజిస్ట్రేషన్లు చేయించుకున్నారో, తనఖా ఏమైనా ఉందో ఈసీలో తెలుస్తుంది. ఆ స్థలం ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో అందులో రాదు. లాయరు చూసేది టైటిల్. బ్యాంకు లోను ఇచ్చినా, వాళ్ల వాల్యుయర్ చూసేది ఇవాళ్టి రేటు. ఒడ్డు ఎటు జరుగుతోందో చూడటం వీళ్లెవరి పనీ కాదు, కొనేవాడే చూసుకోవాలి.

చూడటం కష్టమేమీ కాదు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, ఎలాగూ మీ దగ్గర ఉన్నాయి కాబట్టి, ఈసారి పేర్లూ సర్వే నంబర్లూ పక్కనపెట్టి హద్దుల పేరా ఒక్కటే వరసగా చదవండి. సముద్రం వైపు హద్దు పాత దస్తావేజులో ‘ఫలానావారి ఇల్లు’ అని, తర్వాతి దాంట్లో ‘రోడ్డు’ అని, ఇప్పటి దాంట్లో ‘సముద్రం’ అనో ‘పోరంబోకు’ అనో ఉందనుకోండి, మధ్యలో ఉన్న ఇల్లూ రోడ్డూ ఏమైపోయాయో ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఉప్పాడ, సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట, ఈ వరస ఊళ్లలో పెద్దవాళ్లని కదిపితే చాలు, సముద్రంలోకి వేలు చూపించి మా ఇల్లు అక్కడుండేది, గుడి అక్కడుండేది అని చెప్తారు.

రెండోది, గూగుల్ ఎర్త్ ప్రో. కంప్యూటర్లో ఉచితంగా వేసుకోవచ్చు. మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టి పాత ఫొటోలు తీయమనండి, సంవత్సరాలు వెనక్కి జరుపుకుంటూ పోయే సదుపాయం దాంట్లో ఉంది. ఇంటి ప్రహరీ మూల నుంచి ఒడ్డు దాకా స్కేలుతో కొలవండి. ఇక్కడ చాలామంది పొరపడతారు, నీళ్ల అంచు దాకా కొలుస్తారు. నీళ్ల అంచు పోటుకీ పాటుకీ మారిపోతుంది, వానాకాలం ఒక రకంగా, మాఘమాసంలో ఒక రకంగా ఉంటుంది. పచ్చదనం ఆగిపోయే గీత ఉంటుంది చూశారూ, సరుగుడు చెట్లో, గడ్డో, ఇళ్ల గోడలో అయిపోయి ఒట్టి ఇసుక మొదలయ్యే చోటు, అక్కడికి కొలవండి. ఒకే నెలలో తీసిన ఫొటోలు దొరికితే ఇంకా మంచిది. పదిహేను, ఇరవై ఏళ్లలో ఆ గీత ఎంత లోపలికొచ్చిందో దాన్ని సంవత్సరాలతో భాగించండి.

ఉదాహరణకి ఏడాదికి రెండు మీటర్లు వచ్చిందనుకుందాం, ఇల్లు అరవై మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కాగితం మీద ముప్ఫై ఏళ్లు. కానీ సముద్రం ఏటా రెండేసి మీటర్లు లెక్కగా తీసుకుపోదు, నాలుగైదేళ్లు ఊరుకుని ఒక్క తుపానులో పది మీటర్లు లాగేసుకుంటుంది. కాబట్టి నేనైతే ఆ ముప్ఫైని సగం చేసి చూస్తాను. రిటైరైన మనిషికి డెబ్భై అయిదేళ్ల వయసులో ఇల్లు వెతుక్కునే పరిస్థితి రాకూడదు, అదీ నా బాధ.

ఇక రాళ్ల గురించి. ఉప్పాడ దగ్గర ఒడ్డు ఎందుకు పోతోందో తెలిస్తే రాళ్లు ఎంతవరకు ఆపుతాయో మీకే అర్థమవుతుంది. మన తూర్పు తీరంలో ఇసుక ఊరికే ఉండదు, నైరుతి గాలుల కాలంలో అలలతో పాటు ఉత్తరం వైపు నడుస్తుంది, ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోదావరి తెచ్చిన ఇసుక కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌గా పేరుకుంది, అది కాకినాడ రేవుకు అడ్డంగా నిలబడి కాపాడుతోంది, కానీ దాని కొస దాటి వచ్చే అలలు ఉప్పాడ మీద పడుతున్నాయి, కొట్టుకుపోయిన చోటికి కొత్త ఇసుక మాత్రం సరిపడా రావడం లేదు. పైన నది మీద కట్టిన ఆనకట్టల వెనక ఇసుక ఆగిపోవడం మరో కారణం. ఖాతాలో జమ తగ్గింది, ఖర్చు అలాగే ఉంది.

రాయి జమ పెంచదు. 2010 ప్రాంతంలో అక్కడ జియో ట్యూబులతో గోడ కట్టారు, అంటే గట్టి బట్ట సంచుల్లో ఇసుక నింపి పేర్చడం, అది తర్వాత దెబ్బతింది, రాళ్లు పోశారు, మళ్లీ పోశారు. అల రాతిని కొట్టి వెనక్కి వెళ్తూ గోడ ముందున్న ఇసుకను తోడుకుపోతుంది, గోడ అయిపోయిన చోట పక్కకు తిరిగి అక్కడి ఒడ్డును మామూలుకంటే ఎక్కువ కోస్తుంది. అందుకే రాళ్లు ఉన్నాయా అని కాదు, అవి ఎక్కడ ఆగాయో చూడండి. మీరు చూసిన ఇల్లు గోడ చివర దాటిన వందా రెండొందల మీటర్లలో ఉంటే అది అన్నిటికంటే చెడ్డ చోటు. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు మూసేస్తారని సామర్లకోటలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. రేపు రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే కాకినాడ ఆస్పత్రికి ఏ దారిన వెళ్తారో కూడా ఆలోచించండి.

సీఆర్‌జెడ్ రూలు కూడా ఉంది, అంటే తీరం వెంట ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే కేంద్రం నిబంధన. పెద్ద పోటుకు నీళ్లు వచ్చే గీతను హైటైడ్ లైన్ అంటారు. పల్లెల్లో ఆ గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు కూడదు, 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. పాత ఇంటికి అనుమతి ఉంటే రిపేర్లు చేసుకోవచ్చు, ఉన్న కొలతలు దాటకూడదు. పై అంతస్తు వేసి అద్దెకిద్దామనే ఆలోచన ఉంటే అది కుదిరేది కాదు. పైగా ఒడ్డు లోపలికి వస్తే గీతా లోపలికి వస్తుంది, ఇవాళ బయట ఉన్న ఇల్లు రేపటి మ్యాపులో లోపల పడొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇన్సూరెన్స్. ‘పాలసీ తీసుకుంటాలే’ అనుకుంటున్నారేమో. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, సునామీ, నేల కుంగడం అన్నీ ఉన్నాయి. కానీ నేల కుంగడం అన్న చోట మినహాయింపులు చదవండి, సముద్రపు కోత, నది కోత వర్తించవు అని ఉంటుంది. తుపానులో గోడ పడితే క్లెయిము పెట్టుకోవచ్చు, నెమ్మదిగా పునాది కింద ఇసుక జారిపోయి ఇల్లు ఒరిగితే మాత్రం పైసా రాదు.

ఇంత చెప్పాక కూడా సముద్రం గాలి కావాలనిపిస్తే ఆ ఊళ్లోనే అద్దెకుండండి. పెట్టుబడి మాత్రం పిఠాపురం వైపు పెట్టండి, లేదా కాకినాడలో చిన్నదైనా సరే చూసుకోండి.

ప్రశ్న: విశాఖలో ఆర్కే బీచ్‌కి దగ్గరలో పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొందామనుకుంటున్నాం. బీచ్ కోసుకుపోతోందని టీవీలో చూపిస్తే టెన్షన్‌గా ఉంది. నిజంగా ప్రమాదమా?
— ఒక దంపతులు, విజయనగరం

జవాబు: మీరు అనుకుంటున్నంత ప్రమాదం లేదు. అక్కడ రోడ్డు ఉంది, గోడ ఉంది, నేల కూడా ఉప్పాడలా ఒట్టి ఇసుక కాదు, నగరం మొత్తం ఆ రోడ్డును కాపాడుకుంటుంది. కానీ ఒకటి తెలుసుకోండి. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టినప్పటి నుంచి దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక అక్కడే ఆగిపోతోంది, అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తోడి బీచ్‌లో పోస్తుంటారు. ఒక ఏడాది పోయడం ఆలస్యమైతే టీవీవాళ్లకి బొమ్మలు దొరుకుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిన తర్వాత ఎలా ఉందో మీరూ చూసే ఉంటారు.

మీరు నిజంగా చూడాల్సింది ఉప్పుగాలి. పాత అపార్ట్‌మెంట్ అన్నారు కదా, లిఫ్టు వద్దని మెట్లెక్కి టెర్రస్ మీదికి వెళ్లండి, తర్వాత కింద పార్కింగ్‌లో స్లాబు అడుగుభాగం, పిల్లర్ల మూలలు చూడండి. పెచ్చులు ఊడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తే, లేదా అక్కడక్కడ కొత్తగా సిమెంటు పూసి రంగేసినట్టుంటే, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆయన ఫీజు మీకు దండగ కాదు.

ప్రశ్న: అంతర్వేది పక్క ఊళ్లో మా అమ్మగారి పుట్టింటివాళ్ల మండువా ఇల్లు, కొబ్బరి దొడ్డి మా ముగ్గురు అన్నదమ్ములకీ వచ్చాయి. దొడ్డిలో సముద్రం వైపు చెట్లు చాలా పోయాయి. హైదరాబాద్ పార్టీ ఒకరు హోమ్‌స్టే పెడతామని మంచి రేటు ఇస్తామంటున్నారు, వాళ్లు వేసవిలో ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. చెట్ల సంగతి ఎత్తొద్దని బ్రోకరు అంటున్నాడు. తమ్ముళ్లు కూడా బ్రోకరు మాటే అంటున్నారు. చెప్పాలా వద్దా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: చెప్పాలండీ, అందులో రెండో మాట లేదు. వాళ్లు కూడా ఎక్కడో అప్పు తెచ్చో, ఫ్లాట్ అమ్మో ఆ డబ్బు తెస్తుంటారు.

చట్టం కూడా అదే చెప్తోంది. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ మొదటి క్లాజే ఇది: అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందికి వస్తుందని అదే సెక్షన్‌లో ఉంది. మీ బ్రోకరు దీనికి ‘సముద్రం కళ్లెదురుగానే ఉంది కదా, వాళ్లే చూసుకోవాలి’ అంటాడు. ఆ వాదనకు కోర్టులో కొంత బలం ఉన్న మాట నిజమే. కానీ వేసవిలో ప్రశాంతంగా ఉన్నప్పుడు వచ్చి చూసినవాళ్లకి సముద్రం కనిపిస్తుంది, పోయిన కొబ్బరి చెట్లు కనిపించవు కదా. దొడ్డి పాత కొలత ఎంతో, ఇప్పుడు ఎంత మిగిలిందో మీకు తెలుసు, వాళ్లకి తెలియదు. అదీ మీరు చెప్పాల్సిన లోపం.

ఇంకో మాట, ఇది తమ్ముళ్లకి కూడా చూపించండి. దస్తావేజులో పాత విస్తీర్ణమే రాసి రిజిస్టర్ చేస్తే, లేని నేలకి డబ్బు తీసుకున్నట్టవుతుంది, సంతకం ముగ్గురిదీ ఉంటుంది. అందుకని ముందు లైసెన్స్ ఉన్న సర్వేయరుతో ఉన్నదెంతో కొలిపించండి. అమ్మకం అగ్రిమెంటులోనే ఒక పేరా రాయించండి, ఈ స్థలంలో సముద్రపు కోత ఉంది, ఇన్నేళ్లలో ఇంత పోయింది, కొనేవాళ్లు ఆ సంగతి తెలిసే కొంటున్నారు అని. కోత ఫొటోలు జతచేసి వాళ్ల సంతకం తీసుకోండి. అప్పుడు మీకూ నిద్ర పడుతుంది, రేపు కేసు వేయడానికి వాళ్లకీ ఏమీ ఉండదు. హోమ్‌స్టే కోసం కొత్త గదులు కట్టాలంటే కోస్టల్ జోన్ అథారిటీ అనుమతులు కావాలని కూడా ముందే చెప్పేయండి.

రేటు పడిపోతుంది. బేరం పోయినా పోవచ్చు. అలా పోతే మండువా ఇంటిని విప్పించి అమ్మే దారి చూడండి. కోనసీమ పాత ఇళ్లలో టేకు స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు, పెంకులు, వీటికి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, పాత కలప కొనే వ్యాపారులు రాజమండ్రిలో, హైదరాబాద్‌లో ఉన్నారు. ఇద్దరు ముగ్గురిని అడిగి ధర తెలుసుకోండి. సముద్రం గడప దాకా వచ్చాక విప్పాలంటే కూలీలు కూడా రారు. అమ్మగారు ఉన్నట్టయితే మాత్రం విప్పే ముందు ఆవిడని ఒకసారి తీసుకెళ్లండి.

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలో రాలీ దగ్గర ఉంటాం. ఇక్కడి తెలుగు ఫ్రెండ్స్ నలుగురం కలిసి ఔటర్ బ్యాంక్స్ దీవుల్లో బీచ్ హౌస్ కొని వెకేషన్ రెంటల్‌కి ఇద్దామనుకుంటున్నాం. రొడాంతేలో చాలా చవగ్గా ఒకటి వచ్చింది. ఫ్లడ్ ఇన్సూరెన్స్ కూడా దొరుకుతుందంటున్నారు.
— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, కేరీ

జవాబు: బాబూ, ఊరి పేరు చూడగానే రేటు ఎందుకు చవకో అర్థమైంది. రొడాంతేలో 2022 మే 10న ఒక్కరోజే రెండు ఇళ్లు అట్లాంటిక్‌లో కూలిపోయాయి, ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. 2020 నుంచి ఆ తీరంలో కూలినవి రెండు డజన్లు దాటాయి. 2023లో అమెరికా ప్రభుత్వ నేషనల్ పార్క్ సర్వీసే అక్కడ రెండు ఇళ్లు కొని పడగొట్టించింది.

ఫ్లడ్ ఇన్సూరెన్స్ దొరుకుతుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే కోతకు అది డబ్బు ఇవ్వదు, ఇల్లు కూలిపోకముందే జరిపించుకోవడానికీ ఇవ్వదు. కూలాక బీచ్ మీద పడ్డ చెత్త ఎత్తించే బాధ్యత ఇంటివాళ్ల మీద పడుతుంది. పోటు వచ్చినప్పుడల్లా సెప్టిక్ ట్యాంకు బయటపడుతుంటే అద్దెకు ఎవరు దిగుతారు? నలుగురు కలిసి కొన్నది పోతే డబ్బుతో పాటు స్నేహాలు కూడా పోతాయి. అదే డబ్బుతో ఆ దీవులు వదిలేసి లోపలి ఊళ్లలో ఏదైనా చూడండి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డున పల్లెపాలెం. మా ఇల్లు సగం సముద్రంలో కలిసిపోయింది, మిగిలిన గదిలో మా అత్తగారు, పిల్లలు, మేమిద్దరం ఉంటున్నాం. లోపల దూరంగా సెంటున్నర స్థలం పట్టా నా పేరు మీద ఇచ్చారు. మా ఆయన అక్కడికి రానంటాడు, బోటూ వలలూ ఇక్కడుంటే అక్కడికెళ్లి ఏం చేస్తాం అంటాడు. ఒకాయన ఆ పట్టా తనకి రాసిచ్చేస్తే డబ్బిస్తానంటున్నాడు. అమ్మేసి ఇక్కడే రేకుల ఇల్లు వేసుకుందామని మా ఆయన అంటున్నాడు.
— ఒక సోదరి, కాకినాడ జిల్లా

జవాబు: అమ్మా, ఆ పట్టా కాగితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సు కూడా ఇవ్వొద్దు. ప్రభుత్వం ఇచ్చిన పట్టా గడువు తీరకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. గడువు రూలు మారుతూ వచ్చింది కాబట్టి మీ పట్టా తేదీకి ఏది వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసులో కాగితం మీద రాయించుకోండి. అంతకుముందే తెల్లకాగితం మీద రాయించుకుని డబ్బిచ్చేవాళ్లు సగం కూడా ఇవ్వరు, రేపు స్థలం వెనక్కి తీసుకుంటే నష్టపోయేది మీరే. పట్టా మీ పేరు మీద ఉంది, మీ సంతకం లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

మీ ఆయన మాట కూడా తీసిపారేసేది కాదు. తెల్లవారుజామున రెండు మూడు గంటలకి వేటకు వెళ్లే మనిషిని ఒడ్డుకి దూరంగా పంపితే బోటు ఎవరు చూస్తారు, డీజిల్ డబ్బా, ఇంజను, వలలు ఎక్కడ పెట్టుకుంటారు? ఇళ్ల స్థలాలు ఇచ్చేవాళ్లు ఇది ఆలోచించాలి. వేట మీద బతికేవాళ్లకు ఇల్లు లోపల ఇచ్చినా, ఒడ్డు దగ్గర వలలూ ఇంజన్లూ పెట్టుకోవడానికి షెడ్డు ఇవ్వాలని మీ సంఘం పెద్దల చేత అర్జీ పెట్టించండి. మీ ఇంటికి మాత్రం నా సలహా, పిల్లలూ అత్తగారూ పట్టా స్థలంలో పడుకోవాలి, వేట సామాను ఒడ్డున ఉండాలి. మీ ఆయన వేట రోజుల్లో ఒడ్డున ఉండి మిగతా రోజుల్లో ఇంటికొస్తాడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దదవుతుంది, డిసెంబరు దాకా తుపాన్ల భయం, ఆ సగం గదిలో పిల్లల్ని పడుకోబెట్టొద్దు.

పోయిన ఇంటికి పరిహారం సంగతి. విపత్తు సాయానికి కేంద్రం పెట్టుకున్న జాబితాలో తుపాను, వరద, సునామీ ఉన్నాయి గానీ సముద్రపు కోత లేదు. ఇది అన్యాయమే. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోయే ఇల్లు కూడా పోయిన ఇల్లే కదా. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత వల్ల ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి వెయ్యి కోట్లు, కోత ఆపే పనులకు పదిహేను వందల కోట్లు కేటాయించమని సిఫారసు చేసింది, అంటే ఢిల్లీకి కూడా సంగతి తెలుసు. మీ ఇల్లు తుపాను రోజుల్లో కూలి ఉంటే ఆ తేదీ తప్పకుండా రాయండి, తుపాను నష్టం కింద అడిగే వీలుంటుంది.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఆధార్, పాత ఇంటి ముందు తీసుకున్న పెళ్లి ఫొటో అయినా సరే, ఆ చోట ఇల్లు ఉండేదని చూపించేవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి పట్టా స్థలం వైపు ఉన్న చుట్టాల ఇంట్లో దాచండి. మిగిలిన గదిని, సముద్రాన్ని కలిపి తేదీ పడేలా ఫోనులో ఫొటోలు తీయండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అర్జీ అక్కడ ఇవ్వండి. ఒక్కరే వెళ్లొద్దు, మీ వీధిలో ఇళ్లు పోయినవాళ్లందరూ కలిసి వెళ్లండి, ఎవరి అర్జీ వాళ్లు విడిగా ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. ఆ నంబరు రాసి నాకు మళ్లీ ఉత్తరం పంపండి.